తప్పుకి రెండు సమోసాలు

ఈ ఖుర్సీపార్ ఏరియా మొత్తంలో తప్పు చేయని ఫిట్టర్ని నేనొక్కణ్ణే. నాలుగేళ్ల రికార్డు. కొత్త ఇన్‌చార్జి కుముదిని మేడమ్ మా గేర్‌బాక్సుల రిపేరు షెడ్డులో అడుగుపెట్టిన పదో నిమిషానికి ఆ రికార్డు పోయింది. ఆమె కళ్లముందే బేరింగు తిరగేసి బిగించేశాను.

పాత ఇన్‌చార్జి అయితే మెమో ఇచ్చేవాడు. ఆ భయానికి మేం పాడు చేసిన సామానంతా టార్పాలిన్ కింద దాచేవాళ్లం. తొంభై మూడో సంవత్సరం నాటికి ఆ గుట్ట షెడ్డు కప్పును తాకింది.

మేడమ్ మెమో ఇవ్వలేదు. పది గంటల టీ దగ్గర ఒక రూలు పెట్టారు. తన తప్పు తనే చెప్పినవాళ్లకు రెండు సమోసాలు. తిట్లుండవు.

"ఏటి మేడమ్, తప్పుకి సమోసాలా?" అన్నాడు వాసుదేవరావు మామ. షెడ్డులో అందరికన్నా పాత మెకానిక్. "మరి సరిగ్గా చేసినోడిని పస్తుంచుతారేటి?"

"ముందు నాది వినండి. మొన్న డ్రాయింగు తప్పు చదివి, పనికిరాని సైజు ఆయిల్ సీలు తెప్పించాను" అని మేడమ్ మొదటి రెండు సమోసాలూ తనే తినేశారు.

గురువారం మామ గొంతు సవరించుకున్నాడు. "ముప్పయ్యేళ్ల సర్వీసు. డయల్ గేజీ సూడ్డం నాకు రాదు. సూసినట్టు తలూపుతాను, అంతే."

మేడమ్ పక్కన కూర్చుని నేర్పారు. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి బేరింగు చప్పుడు వినడం మామ ఆమెకు నేర్పాడు.

నేను మాత్రం సమోసాల కోసం తప్పులు కల్పించాను. రెండు వారాల్లో పదకొండు. నా బరువుకు సైకిలు సెక్టర్ 6 మలుపులో కూలబడి, ఇంటికి నన్నే మొయ్యమంది.

నిన్న సాయంత్రం పెద్ద గేర్‌బాక్సు మూత బిగించాక పందొమ్మిదో నంబరు పానా కనబడలేదు. మాతో పనిచేసే జితేంద్ర నన్ను పక్కకి లాగాడు.

"లోపల మర్సిపోనాన్రా. మోటారు తిప్పితే పళ్లన్నీ ఇరిగిపోతాయి. మూతెగిరి ఎవుడికో తగుల్తాది."

"పోయి మేడమ్‌కి చెప్పీరా భయ్యా" అన్నాను.

"పది దినాల పని యార్. అందరం కలిసి చేసినాం. ఏ మొకం పెట్టుకుని చెప్పీది?"

అయినా వెళ్లి చెప్పాడు. మేడమ్ వెంటనే అందరినీ పిలిచారు. అందరూ చేతులేసి మూత విప్పారు, పానా తీశారు, మళ్లీ బిగించారు. జితేంద్రకు నాలుగు సమోసాలు. అందరూ క్షేమం.

కరెంటొచ్చింది రజనీ, కానీ ఆ మోటారు పచ్చ బటన్ నొక్కకు. నువ్వు ఇవాళే చేరావు కాబట్టి నీకు తెలీదు, ఈ షెడ్డులో జితేంద్ర అనేవాడు లేడు, పానా మర్చిపోయింది నేను, అది ఇంకా లోపలే ఉంది.