హరీష్ ఏరి తెచ్చిన మిషన్

అబద్ధం చెప్పే మిషన్ ఒకటి హరీష్‌కు అర్జంటుగా కావాలి.

నంద్యాలలో అతనికి ఇంజన్ల షెడ్డు ఉంది. అరిగిపోయిన ట్రాక్టర్ ఇంజన్‌కు కొత్త పిస్టన్లు వేసి, యాభై హార్స్ పవర్ మళ్లీ తెప్పిస్తానని చెబుతాడు. వేసేవి మాత్రం పాతవే, తళతళా మెరిసేలా రుద్ది. గిరాకీ కొనిచ్చిన కొత్తవి అటకెక్కి, అక్కణ్ణుంచి ఇంకో అంగడికి పోతాయి. బోల్టులు బిగించాక లోపల ఏముందో ఎవడు చూడొచ్చాడు?

చూసే రోజు రానే వచ్చింది. ఆళ్లగడ్డలో ట్రాక్టర్లు బాడుగకు తిప్పే ఉమామహేశ్వరమ్మ వల్లే ఆ షెడ్డు నడుస్తోంది. రిపేరైన బండ్లు కూడా దుక్కిలో మూలుగుతున్నాయని ఆమె విసిగిపోయి, ఇంజన్ బలం కొలిచే డైనమోమీటర్ కొంటానంది. బలం తగ్గిన ప్రతి ఇంజన్‌నూ హరీష్ తన ఖర్చుతో మళ్లీ చేసివ్వాలి, లేదంటే పని వేరే షెడ్డుకు పోతుంది. ఆమె పోతే ఇక షెడ్డుకు తాళమే.

"ఆ మిషనేదో నువ్వే చూసి తేప్పా. ఇంజన్ల సంగతి నీకు తెలిసినంత మాకేం తెలుసు?" అంది చివరికి.

హరీష్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. బలం ఎక్కువ చూపించే మిషన్ తెచ్చి పెడితే చాలు. ఈ ఉపాయం ఎవరికీ చెప్పలేదు. షెడ్డులో పనిచేసే బామ్మర్ది మహేష్‌కు అసలే చెప్పలేదు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఎల్లుండి డోన్‌లో టెస్టు ఉంది, ఓ ఇంజన్ బండికెక్కించమన్నాడంతే. ఏ ఇంజన్ బావా అని మహేష్ రెండుసార్లు అడిగాడు. హరీష్ మూలనున్నది చూపించాడు. అందులో పాత పిస్టన్లు వేయమని తనే దగ్గరుండి చెప్పాడు. చచ్చినా ముప్పై అయిదు దాటదు. దాన్ని పట్టుకుని యాభై అనే మిషనే తనకు కావాలి.

డోన్‌లో పాత మిషన్లు అమ్మే అబ్దుల్ రహిమాన్ దగ్గర రెండున్నాయి. ఆ ఇంజన్‌కు మొదటిది ముప్పై అయిదు చూపించింది. రెండోది యాభై.

"మొదటిది తక్కువ చూపిస్తాందన్నా, రిపేరు చేయల్ల. రెండోది కరెక్టు. నమ్మకం లేకుంటే తూచిన బరువు తగిలించి, ముల్లు సరిగ్గా నిలుస్తాదో లేదో చూపిస్తా" అన్నాడు రహిమాన్.

హరీష్‌కు నవ్వాగలేదు. నిజం చెప్పేదాన్ని చెడిపోయిందని పక్కకు నెట్టి, దొంగదాన్ని ఎంత మర్యాదగా అంటగడుతున్నాడు! బరువులూ గిరువులూ ఏమీ వద్దని కన్ను గీటాడు. రహిమాన్ తెల్లమొహం వేశాడు. ఆ నటన కూడా హరీష్‌కు తెగ నచ్చింది.

ఆళ్లగడ్డలో టెంకాయ కొట్టి ఆ రెండో మిషన్ బిగించారు. పక్కన రాతి విగ్రహాలు చెక్కేవాళ్లు కూడా ఉలులు వదిలి చూడ్డానికొచ్చారు. ఇంతకంటే కరెక్టు మిషన్ జిల్లాలోనే లేదని హరీష్ అందరి ముందూ ఢంకా బజాయించి చెప్పాడు.

హరీష్ రిపేరు చేసిన ఆమె బండ్లలో మొదటి ఇంజన్‌కు ముల్లు ముప్పై నాలుగు దగ్గర ఆగింది. రెండోదానికి ముప్పై మూడు. మూడోదానికి అది కూడా రాలేదు. హరీష్ మిషన్‌ను అటూ ఇటూ తట్టి చూశాడు. దారిలో మిషన్‌కు దెబ్బ తగిలినట్టుందని గొణిగాడు. బిగించడానికి వచ్చిన రహిమాన్ మనిషి తూచిన బరువు తగిలించాడు. ముల్లు వెంట్రుకంత కూడా తప్పలేదు.

"మిషన్ బంగారంలా ఉందప్పా, నువ్వు ఏరి తెచ్చింది గదా. ఇంగ ఇంజన్లన్నీ మళ్లీ చేసియ్యి" అంది ఉమామహేశ్వరమ్మ.

హరీష్ తనతో వచ్చిన బామ్మర్దిని గోడ చాటుకు లాక్కుపోయాడు. "డోన్‌లో మన పాత పిస్టన్ల ఇంజన్‌కు యాభై చూపించింది గదరా. ఈడికొస్తానే ఏమైంది దీనికి?"

మహేష్ చుట్టూ చూసి, చెవి దగ్గరకొచ్చి గర్వంగా చెప్పాడు. "టెస్టులో నీ పరువు పోతాదని, నీకు గూడా తెలీకుండా ఆ ఒక్కదాంట్లో కొత్త పిస్టన్లు ఏసినా బావా."