అనుమానితుడు ఇంట్లో లేడు

తెల్లారేసరికి ఫలక్‌నుమా రైల్వేస్టేషన్ వెనక బస్తీని పోలీసులు చుట్టుముట్టారు. ఇల్లిల్లూ సోదా.

గల్లీ మొదట్లో కొత్త ఇన్‌స్పెక్టర్, కానిస్టేబుల్ కృపాకర్ భుజం మీద చెయ్యేశాడు.

"పైనుంచి ఏం చెప్పిన్రో తెల్సా? ఈ బస్తీ ఉగ్రవాదులకు గూడు. ఇక్కడ చుట్టమున్నోన్ని గూడ నా స్క్వాడ్‌లకు తీస్కోను. ఇయ్యాల నీ పని చూస్త. నచ్చితే రేపట్నుంచి నా దగ్గరే."

"యస్ సార్." ఆ స్క్వాడ్ కోసం కృపాకర్ ఎప్పట్నుంచో కాచుకుని ఉన్నాడు.

నీలమ్మది రేకుల ఇల్లు. కృపాకర్ తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. వెనకే ఇన్‌స్పెక్టర్.

"బూట్లతోని వస్తవా? మీ అమ్మ నీకు గిదేనా నేర్పింది?" స్టవ్ దగ్గర నుంచి నీలమ్మ లేవలేదు.

కృపాకర్ ట్రంకుపెట్టె తెరిచి చీరలన్నీ కింద కుమ్మరించాడు.

గోడకు చర్చి క్యాలెండర్. పక్కన ఖాళీ మేకు. ఇన్‌స్పెక్టర్ చూపు దాని మీద ఆగింది.

"ఇక్కడ ఫొటో ఏది?"

"నా కొడుకుది. తీసేసిన."

"ఎందుకు?"

"ఇయ్యాల వాని మొహం చూడబుద్ధి కాలే."

"ఏడున్నడు వాడు?"

"ఫోనొచ్చింది. చీకట్లనే ఉరికిండు. చాయ్ గూడ తాగలే."

ఇన్‌స్పెక్టర్ కళ్లు మెరిశాయి. "విన్నవా? మనమొచ్చే సంగతి వానికి ముందే ఎరుక! ఏయ్, వాని పేరేంది?"

నీలమ్మ కృపాకర్‌ను తేరిపార చూసింది. "చెప్పమంటవా బిడ్డా?"

"నోర్ముయ్ ముసల్దానా!" కృపాకర్ లాఠీతో పెట్టె మీద కొట్టాడు. "సారు ముందర ఎక్కువ మాట్లాడితే గుంజుకపోత!"

గుమ్మం బయట మూగినవాళ్లు కృపాకర్‌ను చూసి తలలు తిప్పుకున్నారు. పక్కింటి ఆగమ్మ మాత్రం మోరీ కాలువలో తుపుక్కున ఉమ్మింది.

ఇన్‌స్పెక్టర్ మనసారా నవ్వాడు.

"శభాష్! దేశ భద్రతంటే గిట్లుండాలె. అమ్మా అయ్యా అని చూస్తే నడ్వది. ఇగ నువ్వు నా స్క్వాడే పో. ఫస్ట్ డ్యూటీ గిదే, పొద్దుమీకేలోపు ఆ కొడుకును పట్కరావాలె. తలుపుకు గుర్తు పెట్టు."

జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చాడు.

కృపాకర్ దాన్ని అందుకుని, కన్నతల్లి ముఖం చూడకుండా, తన ఇంటి తలుపు మీద పెద్ద ఇంటూ గీశాడు.