పెట్టెలో లేని చీటీ

చీటీ పోయింది ఆదివారం పొద్దున, ఆరాధనకు పావుగంట ముందు.

మందిరం గుమ్మం పక్కన తాళం లేని చెక్కపెట్టె ఉంటుంది. ఎవరి కష్టం వాళ్ళు పేరు లేకుండా రాసి అందులో వేస్తారు. పాస్టరుగారు చదివి ప్రార్థించాక వాటిని బల్లమీద పరుస్తారు. వారమంతా ప్రార్థించడానికి తలా ఒకటి తీసుకెళతారు.

టీచరమ్మ శనివారం ఒక చీటీ వేసింది.

ప్రతి ఆదివారం బోర్డు మీద వాక్యం రాసేది తనేనని, తన చేతిరాత సంఘమంతటికీ తెలుసునని ఇంటికెళ్ళాక గానీ గుర్తు రాలేదు.

కొడుకు ఓడలో పనిచేస్తున్నాడని రెండేళ్ళుగా అందరికీ చెబుతోంది. చీటీలో మాత్రం నిజం రాసింది.

"నా బిడ్డ జైల్లో ఉన్నాడు. వెళ్ళి చూసే ధైర్యం నాకు లేదు."

ఎవరూ రాకముందే తీసేసుకుందామని పెట్టె తెరిచింది. తొమ్మిది చీటీలున్నాయి. తనది లేదు.

వెనక బెంచీలో గొడుగాయన కూర్చుని ఉన్నాడు. ఆరు నెలలుగా వస్తున్నాడు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు. అసలు పేరు ఎవరూ అడగలేదు.

ఆమెను చూసి చొక్కా జేబులో ఏదో కాగితం లోపలికి నొక్కాడు.

"పెట్టె ముట్టుకున్నారా?"

"ముట్టుకున్నానమ్మా."

"జేబులో ఏంటది?"

ఆయన జవాబు చెప్పేలోపు సంఘపెద్ద వచ్చాడు. వెనకే మరో నలుగురు.

"తియ్యవయ్యా, చూద్దాం. అంత దాచాల్సిందేముంది?"

టీచరమ్మ ఆ జేబు వంకే చూసింది. తీస్తే తన బతుకు బజారున పడుతుంది. వద్దంటే ఎందుకని అడుగుతారు.

ఆయన బోర్డు మీది అక్షరాలను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"తియ్యనండి."

"అంటే దొంగిలించినట్టేగా?"

"మీరెలా అనుకుంటే అలాగేనండి."

"ఎప్పుడూ గొడుగు తెస్తుంటే వానకి భయమనుకున్నాం. గొడుగు చాటున చేసే పని ఇదన్నమాట."

ఎవరో నవ్వారు.

"ఇక ఈ గడప తొక్కకు. ఏమంటారు టీచరమ్మా?"

"మీరన్నదే," అందామె.

ఆయన గొడుగు తీసుకుని మెట్లు దిగాడు.

పాస్టరుగారు తొమ్మిది చీటీలు చదివారు. తొమ్మిదింటికీ ఆమె ఆమెన్ అంది.

సంగతి ఎప్పుడు బయటపడుతుందోనని వారమంతా బిక్కుబిక్కుమంటూ తిరిగింది. ఎవరూ ఏమీ అనలేదు.

శనివారం జైలు ముద్రతో ఉత్తరం వచ్చింది.

"అమ్మా, మీ మందిరానికి వచ్చే గొడుగాయన గురువారం నీ చీటీ తెచ్చిచ్చాడు. పెట్టె సందులో ఇరుక్కుని సగం బయటికే ఉందట. జైలన్న మాట కనబడి, నలుగురి కంటా పడకూడదని తీశాడట. టీచరమ్మ కొడుకు ఎవరని గదిగదికీ తిరిగి అడిగి నన్ను పట్టుకున్నాడు. నీ రాత చూసి చాలాసేపు ఏడ్చాను. మీ మందిరంలో అందరూ ఎంతో మంచివాళ్ళని చెప్పాడు. నీకు దారి తెలియకపోతే తనే తీసుకొస్తాడట. ప్రతి గురువారం మా కోసం వచ్చేది ఆయనొక్కడే. ఆయన కూడా పదేళ్ళు ఇక్కడే ఉన్నాడటమ్మా, చూడ్డానికి ఒక్కరూ రాలేదట."

మర్నాడు ఆమె బోర్డు మీద వాక్యం రాసి, ఖాళీగా ఉన్న వెనక బెంచీ వైపు తిరిగింది.

ఆ చీటీ తనదని, ఆయన దొంగ కాడని సంఘానికి ఇంకా చెప్పలేదు.