గడప మాత్రమే తెలిసినవాడు

ఒక దూడ కడుపులోని బాక్టీరియాలో, డీఎన్ఏ దారం మీద ఒక జన్యువు ఉండేది. పాల చక్కెరను అరిగించే విద్య దానిది. ఎంజైము వచ్చి చదివితేనే ఆ విద్య బయటపడేది. చదవనివ్వకుండా, జన్యువు మొదట్లో ఉండే గడప మీద ఒక కాపలా ప్రోటీను అడ్డంగా కూర్చునేవాడు. పాల చక్కెర వస్తే దాన్ని పట్టుకుని లేచేవాడు, అయిపోగానే తిరిగొచ్చేవాడు.

"పాలొచ్చినప్పుడే నేను గుర్తొస్తానా? లే అయ్యా, నన్ను చదవనీ," అంది జన్యువు.

"నీ గడపలో ప్రతి మిట్టా పల్లమూ నా వేళ్లకు తెలుసు. నాకంటే నిన్నెరిగినవాడెవడే?"

"లోపల ఒక్క అక్షరమైనా చదివావా?"

"నాకెందుకూ?"

ఒకసారి దారానికి నకలు తీస్తుంటే పొరపాటున గడపలో ఒక మిట్ట మారిపోయింది. ప్రోటీను తడుముకుంటూ వచ్చాడు. ఆ గడప పోల్చుకోలేక దాటి వెళ్లిపోయాడు. పాలతో పనిలేకుండా ఎంజైము జన్యువును చివరిదాకా చదవడం అదే మొదటిసారి.

"కాపలావాడే గుర్తుపట్టలేదంటే ఎంత చెడిపోయిందో చూడండమ్మా!" అన్నాయి పక్క జన్యువులు, తమ కాపలావాళ్ల బరువు కింద నుంచి కదల్లేకుండానే.