ఆఖరి చెయ్యి

"ఒకరిని పంపెయ్యాల," అన్నాడు ధనుంజయ్, గది తలుపు దగ్గరికి వేస్తూ. "ఎవరినో నేను చెప్పను. నువ్వు చేసే టూలే చెప్పాల."

ఎదురుగా కూర్చున్న అమృత నోటుబుక్కులోంచి తల ఎత్తలేదు. హోసూరు బాగలూరు రోడ్డులో, టైర్ల అంగడి మీది మేడలో ఉంది ఆ ఆఫీసు. చిన్న ఫ్యాక్టరీలకు లారీలు కుదిర్చే వెబ్‌సైటు వాళ్ళది. యజమాని ధనుంజయ్, కోడు రాసేవాళ్ళు అమృతతో కలిపి ఐదుగురు. పోయిన నెల పెద్ద కస్టమరొకడు చేజారిపోవడంతో ఆ ఐదుగురిలో ఒకరు బరువైపోయారు. ఆరు నెలల్లో ఎవరివల్ల ఎన్ని తప్పులు వచ్చాయో తనంతట తానే తేల్చి చెప్పే టూల్ వారంలోగా కావాలన్నాడు ధనుంజయ్. సంగతి గుట్టుగా ఉండాలన్నాడు.

అమృత మూడు రోజుల్లో తయారుచేసింది. నాలుగో రోజు పొద్దున, ఇంకా ఎవరూ రాకముందు, ఒకసారి నడిపి చూసింది. జాబితాలో అందరికంటే అడుగున ఉన్నది ఆమె పేరే.

తప్పులన్నీ నిజమే. ఒక్కటీ బయటపడకపోవడానికి కారణం యతీశ్. ఆఫీసులో అందరికంటే పాతవాడు. ఆమె రాసింది ఎక్కడ పడిపోయినా యజమాని చెవిన పడకముందే దిద్దేసేవాడు. తర్వాత కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "ఇట్ల రాస్తే నిలవదమ్మా, ఇదో, ఇట్ల రాయి," అని మాత్రం చెప్పేవాడు. రెండేళ్ళలో ఒక్కసారీ విసుక్కోలేదు.

ఈ ఉద్యోగానికి ముందు అమృత ఇంజనీరింగ్ పట్టా సంచిలో పెట్టుకుని సూళగిరిలో ఒక ఫ్యాక్టరీ లైనులో ఏడాది నిలబడింది. షిఫ్టు ముగిసేసరికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టేవి కావు. మళ్ళీ అక్కడికి పోవడమంటే ఆమెకు ప్రాణం పోయినట్టే.

టూల్లో ఒక్క నియమం మార్చింది. అంతవరకూ తప్పు రాసినవాళ్ళది. ఇప్పుడు తప్పు దొరికిన చోట ఆఖరున ఎవరు చెయ్యి పెడితే వాళ్ళది. ఒక్క వరుసే మారింది. ఆమె తప్పు చేసిన చోటల్లా ఆఖరి చెయ్యి యతీశ్‌ది.

ఎవరు ఏ మార్పు చేసినా ఇంకొకరు చూసి సరే అంటే తప్ప అది అమల్లోకి రాదు. అది ఆ ఆఫీసు కట్టుబాటు. ఎవరి పేరున పంపినా, ఆఫీసులో ఎవరైనా తెరిచి చూసి సరే అనొచ్చు. అమృత తన మార్పును ధనుంజయ్‌ పేరునే పంపింది. ఆయన ఆ రోజు కృష్ణగిరిలో కస్టమర్ల దగ్గర ఉన్నాడు. ఎక్కడున్నా చదివే మనిషి కాదు, వచ్చినదానికల్లా సరే కొట్టేసే రకం. టీ తాగి వచ్చేసరికి తెర మీద పచ్చ గుర్తు పడి ఉంది. అమృత ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు యతీశ్ తనంతట తానే వచ్చి పక్కన కూర్చున్నాడు. సర్వర్ పడిపోతే ఎలా లేపాలో, పాత కోడులో ఏ మూల ఏ చిక్కు ఉందో రెండు రోజులపాటు ఒక్కొక్కటీ చూపించి రాయించాడు.

"ఇదంతా ఇప్పుడెందుకన్నా?" అంది అమృత, అతని మొహం చూడలేక.

"నేను లేనప్పుడు ఎవురో ఒకరికి తెలిసుండాల గదమ్మా."

అతని భార్య భువనకు ఏడో నెల. కాన్పుకు సెలవు పెడతాడు కాబోలు అనుకుంది. అయినా నియమం వెనక్కి మార్చలేదు.

శుక్రవారం ధనుంజయ్ అందరినీ గదిలోకి పిలిచి, జాబితా అమృత చేతికే ఇచ్చాడు. చేసింది నువ్వే కదా, చదివేది కూడా నువ్వే అన్నాడు. ఆమె పైనుంచి చదువుకుంటూ వచ్చింది. చివరి పేరు దగ్గర కాగితాన్ని ధనుంజయ్ వైపు జరిపింది. ఆ పేరు ధనుంజయ్ చదివాడు. నలభైమూడు తప్పులు, ఇంత పాతవాడివై ఉండి సిగ్గుగా లేదా అని అందరి ముందూ అడిగాడు. లెక్క మీద అనుమానముంటే చెప్పుకోమన్నాడు.

యతీశ్ ఒక్కసారి అమృతవైపు చూశాడు.

"అనుమానమేం లేదు సార్. అమృత శ్రద్ధగానే చేసుంటాది."

సొరుగు ఖాళీ చేయడానికి అతనికి పది నిమిషాలు పట్టింది. పోతూ ఆమె దగ్గర ఆగాడు.

"ఇంకమీద నీ తప్పులు నువ్వే దిద్దుకోవాలమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె తల ఊపింది. కిటికీలోంచి చూస్తే అతను కింద బండి మీద సంచి కట్టుకుంటున్నాడు. దిగి పోయి చెప్పేయడానికి ఇరవై మెట్లు. అమృత లేవలేదు.

నెల తిరిగేసరికి యతీశ్ హోసూరులో ఇల్లు ఖాళీ చేసి, నిండు గర్భిణిని తీసుకుని కృష్ణగిరి అవతల పోచంపల్లిలో అత్తగారింటికి చేరాడని తెలిసింది. తప్పులు చేస్తే తరిమేశారన్న మాట అప్పటికే ఊరంతా పాకింది. పోయిన చోటల్లా తలుపు మూస్తున్నారట. అమృత ఫోను చేయలేదు. పాపం తనది కాదు, లెక్కది అని తనకు తాను నచ్చజెప్పుకుంది. అతనికి ఏమీ తెలియకపోవడమే ఆమెకున్న ఒకే ఒక్క ఊరట.

అప్పుడే ధనుంజయ్ టూల్‌ను మళ్ళీ నడపమన్నాడు. ఇప్పుడు అందరి తప్పులూ దిద్దుతున్నది అమృత. ఎక్కడ చూసినా ఆఖరి చెయ్యి ఆమెదే. నియమాన్ని చడీచప్పుడు లేకుండా మొదటిలాగే పెట్టేద్దామని, ఆ పాత మార్పు తాలూకు పేజీ తెరిచింది.

మార్పు చేసినది అమృత.

చూసి సరే అన్నది యతీశ్.