రోడ్డు వైపు కిటికీ

"ఏంది కొడకా, కిటికీ మీదికెంచి మెడ తిప్పుతలేవ్? మీ ఇంట్ల ఆడపిల్లలు లేరా? నడువ్, లేకుంటే ఈ కుళ్ళిన జామకాయ నీ తెల్ల అంగి మీద పడ్తది."

కిటికీలోంచి వచ్చిన ఆ మాటలకు తరగతిలో పిల్లలంతా ముసిముసిగా నవ్వారు.

కిటికీ పక్కన కూర్చునే నర్మద మాత్రం తల వంచుకుంది.

పద్యం చెబుతున్న విద్యావతి పంతులమ్మకు ఒళ్లు మండింది.

గన్‌ఫౌండ్రీలో కిరాయి ఇంట్లో నడిచే ఆ ఆడపిల్లల బడికి ఉన్నదొక్కటే గది. గదికి ఉన్నదొక్కటే కిటికీ. సరిగ్గా దాని కిందే జామకాయల గంప పెట్టుకుని కూర్చుంటుంది పూలమ్మ.

విద్యావతి బయటికి వచ్చింది.

"పిల్లలు నీ దగ్గర ఈ తిట్లే నేర్చుకోవాల్నా?"

"తిట్టకుంటే కదుల్తరా అమ్మా ఈ పోరగాండ్లు?"

"గంప తీసుకుని మొజంజాహీ మార్కెట్‌కు పో. బేరాలు బాగుంటాయి."

"గాడ ఈ కిటికీ ఉండది గదమ్మా."

వెటకారమనుకుంది విద్యావతి. బడి జవానును పిలిచి గంప ఎత్తించింది.

పూలమ్మ ఒకసారి కిటికీలోంచి లోపలికి చూసి, వెళ్లిపోయింది.

మర్నాటి నుంచే కిటికీ దగ్గర సైకిళ్లు ఆగడం మొదలైంది. ఈలలు, నవ్వులు.

ఒక పిల్ల తండ్రి వామన్‌రావు వచ్చాడు.

"కిటికీ మూపిస్తరా, మా పిల్లను మాన్పియ్యమంటరా?"

ఒక పిల్ల మానితే బడే ఖాళీ అవుతుంది. విద్యావతి కిటికీకి మేకులు కొట్టించింది.

గదిలో సుద్దపొడి, చెమట, ఒకరు వదిలిన ఊపిరే ఇంకొకరికి.

నర్మద భుజాలు ఎగరేస్తూ గాలి పీలుస్తోంది.

"ఏమైందే?"

"గాలి ఆడతలేదు పంతులమ్మా. జర కిటికీ..."

"నీ ఒక్కదాని కోసం తెరవాల్నా? ఓర్చుకో."

నర్మద ఓర్చుకుంది. కొన్నాళ్లకు బడికి రావడం మానేసింది.

ఆ పిల్లను బడిలో చేర్పించిన నాంపల్లి గుమాస్తా వెంకటేశం ఓ పొద్దున వచ్చాడు.

"నర్మద పోయిందమ్మా. చిన్నప్పటి నుంచి ఆయాసమే. ఆఖరుసారి బళ్లెనుంచి వచ్చినంక ఎక్కువైంది, మళ్ల లేవలే."



"నాకెవరూ చెప్పలేదే..."

"వాళ్లమ్మ పొద్దుమాపు మా ఇంట్ల పనిచేస్తది. తన బిడ్డ అని తెలిస్తే బళ్లె కూసోనియ్యరని ఆమె భయం. ఇప్పుడు ఆమెనే పిల్ల పలక కోసం వచ్చింది. లోపలికి రమ్మంటే రాలే."

పలక తీసుకుని విద్యావతి బయటికి నడిచింది.

మేకులు కొట్టిన కిటికీ కింద, గంప లేకుండా, పూలమ్మ కూర్చుని ఉంది.