రెండు మైక్రాన్లు

తొమ్మిదో షాఫ్టు కూడా నటేశన్ సార్‌కు నచ్చలేదు.

మైక్రోమీటరులో పెట్టి తిప్పి తిప్పి చూశారు. కొలతలో తేడా ఎనిమిది మైక్రాన్లు. వెంట్రుక మందంలో పదో వంతు. ఇరవై దాకా తేడా ఉన్నా పాసే. అయినా ఆయన షాఫ్టును కోకిల ముందు బల్ల మీద పెట్టి, “మరుపడియుం పణ్ణుంగ” అన్నారు. మళ్ళీ చెయ్యండి అని. ఎందుకో చెప్పలేదు. ఆయనెప్పుడూ చెప్పరు.

పక్క మెషీను దగ్గర జయరాములు చేసిన దాంట్లో తేడా పద్దెనిమిది. “పరవాలేదులే నాయనా, చెయ్యి తిరిగితే అదే వస్తాది” అని వాడి వీపు తట్టి ముందుకు వెళ్ళిపోయారు.

వేలూరు శిక్షణ కేంద్రంలో కంప్యూటర్‌తో నడుస్తూ ఇనుప కడ్డీలను షాఫ్టులుగా చెక్కే లేతు మెషీను నేర్చుకునే వాళ్ళు ఇరవై మంది. పందొమ్మిది మంది మగపిల్లలు, కోకిల ఒక్కతే ఆడపిల్ల. గత ప్రభుత్వం చదువుకోమని సైకిలిచ్చింది, ఈ ప్రభుత్వం పని నేర్చుకోమని కొత్త మెషీన్లు తెచ్చింది. గేటు బయట రెండు పార్టీల జెండా కొయ్యలూ పక్కపక్కనే ఉంటాయి. ఎన్నేళ్ళుగా పక్కనున్నా వాటికి మాటల్లేవు. లోపల కోకిల బతుకూ అలాగే ఉంది.

నటేశన్ సార్ తెలుగాయనే. పాఠం అరవంలో చెప్పినా, నాట్రంపల్లి నుంచో ఆలంగాయం నుంచో వచ్చిన తెలుగు పిల్లలు కనిపిస్తే చాలు, ఇంటి భాషలోకి దిగిపోతారు. కోకిలదీ తెలుగిల్లే. ఆమెతో మాత్రం ఏడాదిగా అరవమే, అదీ ‘మీరు’ అని. ఆ మర్యాద వింటే ఆమెకు ఒళ్ళు మండేది. తిట్టినా బాగుండు అనిపించేది.

మధ్యాహ్నం పిల్లలందరూ నీటి తొట్టి పక్కన గుండ్రంగా కూర్చుని తినేవారు. సార్ మీద జోకులన్నీ అక్కడే పుట్టేవి. కోకిల అటు నడిస్తే నవ్వులు ఆగిపోయేవి. ఒకసారి తెగించి పక్కన కూర్చోబోతే, జయరాములు తల దించుకుని మెల్లగా చెప్పాడు.

“ఈడ వద్దులే కోకిలా. సార్ చూస్తే బాగుండదు.”

అప్పటినుంచి ఆమె ఇనుప కడ్డీల గది వెనక ఒంటరిగా తింటోంది. పెరుగన్నం తినడానికి తోడెందుకు అని తనకు తానే సర్దిచెప్పుకుంది. కానీ తోడు కావాలనే ఉండేది.

చేరిన కొత్తలో ఒక తప్పు చేసింది. మెషీనులో యాభై అని కొట్టి, పక్కన చుక్క పెట్టడం మరిచింది. చుక్క లేకపోతే ఆ మెషీను యాభై మిల్లీమీటర్లను యాభై మైక్రాన్లుగా తీసుకుంటుంది. కోసే పనిముట్టు దూసుకొచ్చి ఇనుముకు కొట్టుకుని ముక్కలైంది. అదే తప్పు అంతకు ముందు వారం జయరాములూ చేశాడు. నేర్చుకునేటప్పుడు తానెన్ని విరగ్గొట్టారో చెప్పి సార్ వాణ్ణి నవ్వించారు. కోకిలతో మాత్రం ఆ ప్రోగ్రాము మొత్తం నోటు పుస్తకంలో యాభై సార్లు రాయించారు. రాసిందంతా తీసుకెళ్ళి, ప్రతి చుక్క చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి మర్నాడు తిరిగిచ్చారు.

ఆ రోజు గుడియాత్తంలో ఇల్లు చేరాక అమ్మ పంకజమ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది.

“ఆ మనిషి తీరే అంత. మనసులో పెట్టుకోవాకు. నువ్వు పని నేర్చుకో” అంది పంకజమ్మ. అని తనూ కళ్ళు తుడుచుకుంది.

ఆఖరి పరీక్షలో మొదట వచ్చిన ఒక్కరికే హోసూరు ఫ్యాక్టరీలో ఉద్యోగం. కోకిలకు ఆ ఉద్యోగం కావాలి. నటేశన్ సార్ నోటి నుంచి ‘బాగా చేసినావమ్మా’ అన్న మాటా కావాలి. రెండింట్లో ఒకటే కోరుకోమంటే, ఆమె సిగ్గుపడుతూనే రెండోది కోరుకునేది.

పరీక్ష రోజు ఆయన సెలవు పెట్టారు. అయినా గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నారు. కోకిల ఆయన ముందునుంచే లోపలికి వెళ్ళింది. ఆయన పేపరులోంచి తల ఎత్తలేదు. ఈ ఒక్క రోజైనా చూడకూడదా అనుకుంది.

చెన్నై నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చినాయన ఒక్కొక్కరి షాఫ్టూ కొలిచారు. కోకిలది మూడుసార్లు కొలిచారు. నమ్మకం కలగక మైక్రోమీటరు మార్చి మళ్ళీ కొలిచారు. తేడా రెండు మైక్రాన్లు. ఇంత పని ఎవరు నేర్పారని అడిగారు.

“నటేశన్ సార్” అంది కోకిల.

హోసూరు ఉద్యోగం ఆమెదే అయింది. మొట్టమొదటిసారి పందొమ్మిది మందీ చప్పట్లు కొట్టారు.

టీ కొట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. ఎంత వచ్చిందని ఆయన అరవంలోనే అడిగారు. రెండు అని చెప్పింది. ఆయన తల ఊపి, చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగి, పేపరు మడిచి లేచారు. అంతే.

సాయంత్రం గుడియాత్తం బస్సు ఎక్కింది. నటేశన్ సార్‌దీ ఆ బస్సే. ఎప్పటిలాగే ముందు ఆడవాళ్ళ సీట్లలో ఆమె, వెనక తలుపు దగ్గర ఆయన. పళ్ళికొండ దాటేదాకా కోకిల కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. గెలిచిన రోజు ఇంత దిగులుగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. దిగాక వెనక్కి తిరిగి చూడకుండా ఇంటిదాకా నడిచింది.

తలుపు తీసిన పంకజమ్మ కూతురి భుజం మీది సంచి అందుకుని, ఆమె వెనకాలే మెట్టెక్కుతున్న నటేశన్‌తో, “పరీక్ష అయిపాయ గదయ్యా, మనోళ్ళని పక్షం చూపినావని ఎవురూ అనరులే, ఇంకన్నా కన్నబిడ్డతో నోరు తెరిచి మాట్లాడు” అంది.